ఇప్పకర్ర మంచం

గవర్రాజన్న ఎన్నికల్లో ఓడిపోయిన రోజు నేను పొయ్యి మీది బజ్జీల మూకుడు దించేసి, దుకాణం కట్టేసి ఇంటికి పోయాను. జాలితో కాదు, కోపంతో. గెలవాల్సిన మనిషి చేతులారా ఓడిపోతే నాకు ఒళ్ళు మండుతుంది గాని జాలి రాదు. ఆ కోపం సంగతికి తరవాత వస్తాను. ముందు మనిషెవరో చెప్పాలి కదా.

నా పేరు రామక్క. మాది చర్ల. పదో తరగతి దాకా భద్రాచలంలో చదివి, పెళ్ళయ్యాక శబరి ఒడ్డున ఉన్న ఈ బస్తర్ ఊరికి వచ్చి పడ్డాను. మా ఆయన పోయాక పిల్లల్ని సాకడానికి ఈ టీ దుకాణం పెట్టుకున్నాను. దుకాణం ముందే రోడ్డు రెండుగా చీలుతుంది. ఒకటి సుక్మా మీదుగా జగదల్‌పూర్ పోతుంది, ఇంకొకటి మరైగూడ వైపు పోతుంది. బస్సులన్నీ ఇక్కడే ఆగుతాయి. పొద్దున లేచిన దగ్గర్నుంచి హిందీ, దొర్లి, హల్బీ, తెలుగు కలిపి మాట్లాడుతుంటాను, తిట్టడానికి మాత్రం తెలుగే వాడతాను.

నా దుకాణానికి ఎదురుగా గవర్రాజన్న కలప డిపో. పేరుకే డిపో, ఇప్పుడక్కడ కలప లేదు. ఖాళీ స్థలం, వెనక ఆయన ఇల్లు, ముందు ఒక రేకుల షెడ్డు. డిపో గేటుకీ రోడ్డుకీ మధ్య ఒక ఇప్పచెట్టు. ఈ కథంతా ఆ చెట్టు గురించే.

ఆయన సొంత ఊరు రాజమండ్రి దిగువన ఒక గోదావరి లంక. పొలాన్ని ఏరు కోసుకుపోతే, మీసాలు సరిగ్గా రాని వయసులో కలప తెప్పల మీద పనికి కుదిరాడట. అప్పట్లో ఇక్కడి అడవుల్లో కొట్టిన దుంగల్ని తెప్పలు కట్టి శబరిలోకి వదిలేవాళ్ళు. అవి కూనవరం దగ్గర గోదావరిలో కలిసి రాజమండ్రి దాకా పోయేవి. తెప్పల మీద వచ్చిన మనుషులు కూడా వాటితోపాటే దిగువకి పోయేవాళ్ళు. ఈయన ఒక్కడే పోలేదు. చలిజ్వరం వచ్చి పొజ్జా అనే దొర్ల పెద్దమనిషి ఇంట్లో పడ్డాడు. దొర్లలంటే ఈ అడవి వాళ్ళు, వాళ్ళకి తెలుగు కూడా మనకొచ్చినంత వచ్చు. పొజ్జా కూతురు నందే అంబలి కాచి తాగించింది. జ్వరం దిగింది, తెప్పలు వెళ్ళిపోయాయి, పిల్లగాడు మాత్రం కదల్లేదు.

"జ్వరం తగ్గినాక కూడా మూలుగుతనే ఉండె దొంగ సచ్చినోడు, అంబలి కోసం" అని నందే వదినె ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

పెళ్ళయింది. చిన్న డిపో పెట్టాడు. ఇక్కడే ఆయన ఒక పని చేశాడు. చెడ్డ మనసుతో చేసింది కాదు, అందుకే ఇంకా కడుపు తరుక్కుపోతుంది.

ఇక్కడ ప్రతి ఇప్పచెట్టుకూ ఒక ఇల్లు ఉంటుంది. చెట్టు ఎవరి పొలంలో ఉన్నా, రోడ్డు పక్కన ఉన్నా సరే, ఫలానా చెట్టు ఫలానా ఇంటిది అని ఊరందరికీ తెలుసు. ఎండాకాలం మొదట్లో ఆ ఇంటివాళ్ళే చెట్టు కింద ఊడ్చి, ఎండుటాకులు కాల్చి, తెల్లవారుజామున రాలిన పూలు ఏరుకుంటారు. పక్కవాళ్ళు ఒక్క పువ్వు ముట్టుకోరు. ఆడపిల్లకి పెళ్ళి చేస్తే తండ్రి ఒక చెట్టు ఇస్తాడు. అంటే ఆ పూలు ఇంక ఆమెవి, ఆమె పిల్లలవి. పొజ్జా కూడా అల్లుణ్ణి ఈ చెట్టు దగ్గరికి తీసుకొచ్చి, మొదలు మీద చెయ్యి వేసి, "ఇయ్యాల్టి సంది ఇది మీ ఇంటి చెట్టు" అన్నాడు.

కలప మనిషికి చెట్టు ఇచ్చామంటే ఏమని అర్థమవుతుంది? కొట్టుకోమని. ఆయన బతుకులో చెట్టు ఇవ్వడమంటే రంపం వేసుకోమనడమే, ఇంకో అర్థం ఎరగడు. అదే సమయానికి నందే విత్తనాల పండుగకని ఏటి ఎగువన ఉన్న పుట్టింటికి పోయి, తల్లికి బాగోలేక అక్కడే ఉండిపోయింది. కొత్త పెళ్ళాం వచ్చేసరికి ఏదైనా చేసి పెట్టాలని ఈయనకు ముచ్చట. వాళ్ళ లంకలో కొత్త కాపురానికి మంచం చేయిస్తారట. మామ ఇచ్చిన చెట్టుతోనే చేయిస్తే ఎంత బాగుంటుంది అనుకున్నాడు. కూలీల్ని దూరం నుంచి తెచ్చుకోవడంతో వద్దని చెప్పే మనిషి కూడా లేకపోయాడు. పచ్చి కలప పనికిరాదని వడ్రంగి మొత్తుకున్నా వినకుండా, తలాపున లతలు చెక్కించి, తెల్ల నవారు అల్లించి, మంచం తయారు చేయించాడు.

నందే వచ్చింది. మంచం చూసి సంబరపడింది. దాని మీద కూర్చోబోతూ అడిగిందట, "ఏం కర్ర ఇది?" అని.

"మీ నాన్న ఇచ్చిన ఇప్పచెట్టు" అన్నాడు ఈయన, ఛాతీ ముందుకు పెట్టి.

ఆమె కూర్చోలేదు. బయటికి వచ్చి మొద్దు చూసింది. దాని పక్కన నేల మీద చతికిలబడింది. ఏడవలేదు, తిట్టలేదు. ఆయన అటూ ఇటూ తిరిగి, ఏమైంది, ఏమైంది అని అడిగితే ఒక్క మాట అంది.

"నా చెట్టు కాడికి రాకు."

ఆ రాత్రి నుంచి ఆమె చాప మీద, ఆయన మంచం మీద. చాప మంచం పక్కనే ఉంటుంది, వేరే గదిలో కాదు. నేను ఈ ఊరికి వచ్చేసరికి ఇదంతా జరిగి ఏడాది దాటింది. వానలకి మొద్దు చిగురు వేసింది. కొమ్మలు కొమ్మలుగా వచ్చినవాటిలో ఒక్కదాన్ని ఉంచి, మిగిలినవి కోసేసి, మేకలు ముట్టకుండా చుట్టూ ముళ్ళకంప కట్టింది నందే వదినె. నన్ను చూసి, "నీ మేకను ఇటు రానిచ్చినవంటే కాళ్ళిరగ్గొడత" అంది. మా స్నేహం అట్లా మొదలైంది.

ఇప్పుడున్న చెట్టు అదే. అదే వేరు, అదే మొదలు. నా కళ్ళ ముందే అది నా ఎత్తు దాటింది, రేకుల షెడ్డు దాటింది, పూత పట్టింది. ఏటా ఆమె పూలు ఏరుకుంటుంటే గవర్రాజన్న డిపో గేటు పట్టుకుని చూస్తూ నిలబడేవాడు. గేటు దాటేవాడు కాదు.

మాటల్లేని కాపురం అనుకునేరు. అదేం కాదు. కోడి కోస్తే ముందు ముక్క ఆయన గిన్నెలోకే పడేది. ఆయనకు గోదావరి వైపు పులస మీద గాలి మళ్ళితే, ఈమె శబరి చేపల పులుసు పెట్టి, "ఇదే పులస అనుకో, నోరు మూసుకొని తిను" అనేది. ఇద్దరు పిల్లలు పుట్టారు, పెద్దవాళ్ళై జగదల్‌పూర్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. మంచం సంగతి ఎరిగిన నేను ఒకసారి ఆమెను ఏడిపించాను.

"మరి పిల్లలెట్ల పుట్టిండ్రు వదినే, మంచమెక్కకుండ?"

"చాప మీద జాగ లేదా ఏంది?" అంది, సిగ్గూ ఎగ్గూ లేకుండా. నాకే సిగ్గేసింది.

డిపో పెరిగింది, కోత మిల్లు వచ్చింది, ఆయన పేరు ఊళ్ళ మీద పాకింది. తరవాత అడవి మీద కోర్టుల ఆంక్షలు వచ్చి మిల్లులన్నీ మూతపడ్డాయి. మిల్లు తెరిపించుకోవాలని ఈయన సుక్మా, రాయ్‌పూర్ తిరిగి తిరిగి ఆఫీసుల దారులన్నీ నేర్చుకున్నాడు. మిల్లు తెరుచుకోలేదు గాని ఆ దారులు ఆయనకు మిగిలాయి. ఎవరికి రేషన్ కార్డు కావాలన్నా, ముసలమ్మకి పింఛను ఆగినా, ఈయన్ని వెంటబెట్టుకుపోయేవాళ్ళు. సాబ్ ముందు కుర్చీ లాక్కుని కూర్చోగలిగే ధైర్యం అప్పుడు ఊళ్ళో ఈయనకే ఉండేది. అట్లా వార్డు మెంబరయ్యాడు, రెండోసారీ అయ్యాడు, చివరికి నగర పంచాయతీకి అధ్యక్షుడయ్యాడు. ఎక్కడి లంక, ఎక్కడి బస్తర్! ప్రమాణం చేసిన రోజు మెడ నిండా బంతిపూల దండలతో నా దుకాణానికి వచ్చి టీ అడిగాడు.

"అధ్యక్షుణ్ణి అయితే అయ్యాను గాని చెల్లెమ్మా, ఆవిడ చేత ఒక్క పూట ఆ మంచం మీద నడుం వాల్పించలేకపోయాను. ఈ దండలు దేనికి, ఆయ్?"

గోదావరి యాసంతా ఇక్కడి నీళ్ళలో కరిగిపోయినా ఆ 'ఆయ్' మాత్రం ఆయనకు అంటుకునే ఉంది. ఆ రోజు నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు.

ఈ మధ్య నందే వదినెకు మోకాళ్ళు పట్టేశాయి. చాప మీంచి లేవాలంటే గోడ పట్టుకుని, అమ్మా అయ్యా అంటూ లేస్తుంది. కింద పడుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. గవర్రాజన్న జగదల్‌పూర్ నుంచి ఇనప మంచం, దూది పరుపు తెప్పించాడు. "నాకు మంచం అలవాటు లేదు" అని దాని మీద మిరపకాయలు ఆరబోసింది.

ఇక బస్టాండు గురించి చెప్పాలి. నా కోపం అక్కడిది.

ఈ చీలిక దగ్గర బస్సు కోసం ఆగే ఆడవాళ్ళ అవస్థ మీకు తెలియదు. మరైగూడ నుంచి నెత్తిన చింతపండు మూటలతో వస్తారు, చంకలో పిల్లలు. నీడ లేదు, బల్ల లేదు, మరుగుదొడ్డి అసలే లేదు. ఏటి ఒడ్డుకి పోవాలి, అక్కడ ఇసుక ట్రాక్టర్ల వాళ్ళుంటారు. గవర్రాజన్న రెండు ఎన్నికల్లో ఇస్తానన్న మాట ఈ బస్టాండే. చెప్పులరిగేలా తిరిగి, ఎట్టకేలకు మంజూరు చేయించాడు. అందులో నాకూ ఒక గది వస్తుందని మాట. పక్కా గోడలు, ఫ్యాను, నీళ్ళ కొళాయి. నేనప్పుడే బోర్డుకి రంగు కూడా ఎంచుకుని పెట్టుకున్నాను.

పోయిన జనవరిలో ఇంజినీరు వచ్చి సున్నంతో గీతలు వేయించాడు. ఇప్పచెట్టు గీతల మధ్యలోకి వచ్చింది, సరిగ్గా బస్సులు తిరిగే చోటికి. కొట్టేసే చెట్లకి వేసినట్టే దాని మొదలు మీద తెల్ల రంగుతో అంకె వేసి వెళ్ళారు. నెల తిరక్కుండా ఎన్నికలు. ఈసారి అధ్యక్షుణ్ణి జనమే నేరుగా ఎన్నుకోవాలి. ఎరువుల దుకాణం హరిబాబు పోటీకి దిగాడు.

ఆ మధ్యాహ్నం నందే వదినె చీపురు కట్ట చేతిలో పట్టుకుని నా దుకాణానికి వచ్చింది.

"రామక్కా, నా చెట్టు మీద ఏందది?"

"అంకె వదినే."

"ఎందుకేసిండ్రు?"

అబద్ధం చెబుదామనుకున్నాను. ఆ మొహం చూశాక నోరు రాలేదు. చెప్పేశాను. ఆమె బల్ల మీద కూర్చుని కాసేపు మోకాళ్ళు రాసుకుంది.

"మీ అన్నకు తెలుసా?"

"తెలుసు."

"సరే. ఒక్కటే అడుగు. ఈయేడు చెట్టు కింద ఊడవాల్నా, వద్దా? వద్దంటే చీపురు కట్టుకునుడు దండగ" అని, కట్ట అక్కడే నా బల్ల కింద పడేసి పోయింది. ఇంట్లో ఉన్న మొగుణ్ణి అడగమని ఎదురు దుకాణం దాన్ని అడిగితే నాకెట్లా ఉంటుంది చెప్పండి! కానీ ఆమె ఎందుకు అడగలేదో నాకు తెలుసు. అడిగితే ఆయన ఏమంటాడోనని భయం.

సాయంత్రం ఆయన వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది. చీపురు కట్ట బల్ల మీద పెట్టి, అన్నది అన్నట్టు చెప్పాను. టీ గ్లాసు అట్లాగే పట్టుకుని వింటున్నాడు.

"గీత కొంచెం జరపమని అడిగాను చెల్లెమ్మా. జరిపితే నా డిపోలోకి రావాలి. స్థలం నేనిస్తానన్నాను. మళ్ళీ నక్షా గీయాలి, మళ్ళీ రాయ్‌పూర్ పోవాలి, మళ్ళీ మంజూరు కావాలన్నారు. ఈ ఎన్నికల ముందు పునాదిరాయి పడదు."

"పడకపోతే ఓడిపోతవ్."

"పోతాను."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "అన్నా, ఒక మాట చెప్తన్న విను. చెట్టు కొట్టించెయ్. వదినెకు నేను చెప్పుకుంట. తిడితే నేను పడత. ఎంతమంది ఆడోళ్ళు ఆ ఇసకలో ముఖం దాచుకొని కూసుంటన్నరో నీకేం తెలుసు? ఒక్క చెట్టు!"

ఆయన గ్లాసు వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది.

"ఓసారి కొట్టాను" అన్నాడు చివరికి. "అప్పుడు తెలీక కొట్టాను. ఇప్పుడు తెలిసి తెలిసి కొట్టమంటావా?"

జవాబు లేకపోతే నాకు కోపం ఇంకా ఎక్కువ వస్తుంది. టీ డబ్బులు అడిగి మరీ వసూలు చేశాను.

మర్నాడు ఇంజినీరు మళ్ళీ వచ్చాడు, కోత మిషన్ మనుషుల్ని వెంటబెట్టుకుని. బస్సు కోసం నిలబడ్డ జనమంతా మూగారు. హరిబాబు మనుషులు కూడా వచ్చారు, వేడుక చూడ్డానికి. ఇంజినీరు మంచివాడే, పని తొందర అతనిది. "అధ్యక్ష్ జీ, పర్మిషన్ వచ్చేసింది. ఒక్క గంట పని" అన్నాడు హిందీలో.

గవర్రాజన్న నా దుకాణంలోకి వచ్చాడు. టీ కోసం మరుగుతున్న నీళ్ళ గిన్నె పట్టకారుతో దించుకుపోయాడు.

"ఓయమ్మ! నా నీళ్ళు!" అని వెనకాలే పరిగెత్తాను.

ఆయన భుజం మీది తువ్వాలు ఆ నీళ్ళలో ముంచి, చెట్టు మొదలు మీది అంకెను రుద్దడం మొదలుపెట్టాడు. ఇస్త్రీ చొక్కా, తెల్ల పంచె, డెబ్బై దగ్గర పడుతున్న వయసు. జనం నోరు తెరుచుకుని చూస్తున్నారు. రంగు బెరడు సందుల్లోకి దిగింది, ఊరికే పోదు. కాలిన వేళ్ళు ఊదుకుంటూ రుద్దాడు, గోరుతో గీకాడు. నేను గిన్నె లాక్కోవడానికి పోయినదాన్ని గిన్నె పట్టుకుని నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో నాకే తెలియదు.

అంకె పోయాక జనం వైపు తిరిగాడు.

"బస్టాండు నా డిపోలో కట్టుకుందాం. స్థలం రాసిచ్చేస్తాను. ఆలస్యమవుద్ది, అబద్ధం చెప్పను. కోపమొస్తే నాకు ఓటెయ్యకండి. ఈ చెట్టు మాత్రం ఉంటది. ఇది నాది కాదు కొట్టడానికి."

"అడవంత అమ్ముకున్నోడికి ఒక్క చెట్టు మీద ప్రేమొచ్చింది" అని హరిబాబు మనిషి ఒకడు గట్టిగా అన్నాడు. జనం నవ్వారు. ఆయన మొహం ఎర్రబడింది గాని ఎదురు చెప్పలేదు. అన్నది నిజమే కదా.

అప్పుడు చూశాను, జనం వెనక నందే వదినె నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఏమో. ఆయన కూడా చూశాడు. తెల్ల రంగు అంటిన తువ్వాలు చేతిలో పట్టుకుని, బడిలో పంతులు ముందు నిలబడ్డ పిల్లాడి మాదిరి నిలబడ్డాడు.

"ఊడ్చుకో నందే" అన్నాడు.

ఆమె ఆయన్ని చూసింది, చెట్టును చూసింది. నా దుకాణంలోకి వచ్చి చీపురు కట్ట తీసుకుని ఇంటికి పోయింది. రాతి మనిషి అని తిట్టుకున్నాను. ఒక్క మంచి మాట అంటే ఏం పోయింది ఆమెకు!

ఎన్నికల గుర్తుల దగ్గర ఇంకో తమాషా. ఈ గొడవతో పార్టీ టికెట్టు పోయింది. స్వతంత్రంగా నిలబడితే ఆయనకు వచ్చిన గుర్తు ఏంటో తెలుసా? మంచం! ఊరంతా గోడల మీద మంచాలు. ఆటోకి మైకు కట్టి "మీ అమూల్యమైన ఓటు మంచం గుర్తుకే" అని నందే వదినె మేనల్లుడు జోగ అరుచుకుంటూ తిరిగాడు. హరిబాబు ఊరుకుంటాడా? సభ పెట్టి, "ఇంట్ల పెండ్లమే ఎక్కని మంచం, మీరెక్కుతరా?" అన్నాడు. చప్పట్లు నా దుకాణం దాకా వినిపించాయి. ఆ మాట విన్నప్పుడు వదినె నా దగ్గరే ఉల్లిపాయలు తరుగుతూ ఉంది. తల ఎత్తలేదు. కళ్ళు తుడుచుకుంది గాని అది ఉల్లిపాయల ఘాటో, ఇంకేదో నేను అడగలేదు.

ఓటు రోజు నేను లోపల తిట్టుకుంటూనే మంచం బొమ్మ పక్కన మీట నొక్కాను. ఫ్యాను లేదు, కొళాయి లేదు, బోర్డు లేదు, అయినా నొక్కాను. నాలాంటి పిచ్చోళ్ళు ఎక్కువమంది లేరు. ఆయన చిత్తుగా ఓడిపోయాడు.

తరవాత చాలా రోజులు గేటు దగ్గర కూడా కనిపించలేదు. టీకి రాలేదు. ఇంతకాలం పొద్దున్నే ఆయన గుమ్మం ముందు కాయితాలు పట్టుకుని నిలబడ్డవాళ్ళు ఇప్పుడు హరిబాబు దుకాణం ముందు నిలబడ్డారు. చూసి చూసి నా కోపం నీరుగారిపోయింది. ఒక్కడూ ఆ గేటు తీసి, ఏమయ్యా ఎట్లున్నవ్ అని అడగలేదు. జోగ చేత టీ పంపించాను రెండుసార్లు. గ్లాసు కడిగి పంపించాడు.

మార్చి వచ్చింది. గాలిలో ఇప్పపూల తీపి వాసన మొదలైంది. ఒకరోజు నందే వదినె చెట్టు కింద ఊడ్చి, ఆకులు కాల్చడం చూశాను. మోకాళ్ళ నొప్పితో మధ్యమధ్యలో ఆగుతూ ఊడ్చింది.

ఆ మర్నాడు నేను పొయ్యి ముట్టించేసరికి తెలతెలవారుతోంది. సుక్మా బస్సు ఇంకా రాలేదు. డిపో గేటు కిర్రుమంది. చూద్దును గదా, జోగ ఒక పక్కా, నందే వదినె ఒక పక్కా పట్టుకుని ఆ పాత మంచం మోసుకొస్తున్నారు! తలాపున లతలు చెక్కిన ఆ మంచమే. వెనకాల గవర్రాజన్న, దుప్పటి భుజాన కప్పుకుని, జుట్టు రేగిపోయి, నిద్ర మొహంతో నడుస్తున్నాడు.

"ఏంది వదినే ఇది?" అని అరిచాను.

"నిద్ర లేపి, లెయ్, మంచం కావాలంది" అన్నాడు ఆయన నాతో. "పారేస్తందేమో చెల్లెమ్మా. ఓడిపోయినోడికి మంచమెందుకనుకుందో ఏమో."

వాళ్ళు దాన్ని ఇప్పచెట్టు కింద దించారు. జోగ చేతులు దులుపుకుని ఆటో దగ్గరికి పోయాడు. నందే వదినె నవారు మీద అరచేత్తో ఒకసారి తుడిచింది. తరవాత, నేను కళ్ళారా చూశాను, ఆ మంచం మీద కూర్చుంది. కాళ్ళు పైకి పెట్టుకుని, తలాపుకి వీపు ఆనించింది. మంచం టక్కున ఒక పక్కకి ఒరిగింది.

గవర్రాజన్న గాభరాపడ్డాడు. "జాగ్రత్త, ఊగుద్ది! పచ్చి కలప అది. ఎండాక ఓ కోడు వంకరపోయింది. ఆ వడ్రంగి చెప్తానే ఉన్నాడు, నేనే..."

"తెలుసు" అంది ఆమె. "నువ్వు ఇటు పొర్లితే ఒక చప్పుడు, అటు పొర్లితే ఒక చప్పుడు. పెండ్లయిన కాడి సంది పక్కన పండుకొని వింటనే ఉన్న. ఓడిపోయిన కాడి నుంచి తెల్లార్లు చప్పుడే. నిద్ర లేదు నాకు."

నా చేతిలో పాలగిన్నె అట్లాగే ఉండిపోయింది.

పైనుంచి పూలు రాలుతున్నాయి. ఊడ్చిన నేల మీద, మంచం మీద, ఆమె ఒడిలో, మెత్తగా పడుతున్నాయి. ఆమె పక్కన పెట్టుకున్న వెదురుబుట్ట తీసి ఆయన వైపు చాపింది.

"నాకు వంగరాదు. నువ్వు ఏరు."

గవర్రాజన్న బుట్ట అందుకోలేదు. విన్నది నిజమో కాదో తెలియనట్టు నా వైపు చూశాడు. తన పెళ్ళైన దగ్గర్నుంచి ఆ చెట్టు కిందికి పూలకని అడుగుపెట్టని మనిషి. ఏడిస్తే బాగుండదని తిట్టాను.

"ఏమయ్యా, చెవుడా? ఏరమంటంది కదా! అందుకో!"

అందుకున్నాడు. దుప్పటి కింద పడేసి, మెల్లగా, నడుం పట్టుకుని వంగాడు. ఒక పువ్వు తీశాడు. అరచేతిలో పెట్టుకుని దాన్ని చూశాడు, తరవాత ఆమెను చూశాడు.

"నందే, బుట్టలో ఎయ్యనా?" అని అడిగాడు.

ఆ రోజు అంత పెద్ద చెట్టుకు అడగనివాడు, ఈ రోజు ఒక్క పువ్వుకు అడిగాడు. ఆమె మొహం పక్కకి తిప్పుకుంది. కొంగుతో ముక్కు తుడుచుకుని, మళ్ళీ ఇటు తిరిగింది.

"ఎయ్యి" అంది. "ఎండెక్కక ముందే ఏరాలె. మాటలు మాని ఎయ్యి."

సుక్మా బస్సు వచ్చి ఆగింది. దిగినవాళ్ళు టీ, టీ అని కేకలు. నేను పోయలేదు. ముందు ఆ ఇద్దరికీ పోసి, రోడ్డు దాటి ఇచ్చి వచ్చాను.